రెండో చార్లెస్ దర్బారు పాఠం ఎలా చెప్పాలంటే

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు ఈ పాఠం నేను బొంబాయితో మొదలుపెడతాను. ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కు కేథరిన్ రాణి కట్నంలో వచ్చిన ఊరది. 1668లో రాజు దాన్ని ఏడాదికి 10 పౌండ్లకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. కట్నం అనగానే వెనక బెంచీ కూడా లేస్తుంది.

తర్వాత బోర్డు మీద రాజు పడకగది తలుపు గీయండి. ఆ తలుపు దాటగలిగినవాళ్ల దగ్గరే పైరవీలు. మన దగ్గర ఎమ్మెల్యే పీఏ ఉన్నట్టే. రాణి వద్దన్నా రాజు తన ఉంపుడుగత్తె బార్బరా విలియర్స్‌ను రాణి కొలువులోనే పెట్టాడు, 1670లో డచెస్ అనే పెద్ద బిరుదు ఇచ్చాడు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన మరో ఉంపుడుగత్తె లూయీజ్‌కు 1673లో అదే హోదా. నాటకశాలలో నారింజలమ్మి నటి అయిన నెల్ గ్విన్‌కు బిరుదు లేదు, రాజుతో కన్న కొడుక్కి మాత్రం దక్కింది.

‘ఉంపుడుగత్తె’ అనగానే నవ్వుతారు, నవ్వనివ్వండి. మొదటి ఏడాది నాకే టెన్షన్.

చివర్లో అడగండి: ఉంపుడుగత్తెలకు పుట్టిన కొడుకులు ఇంతమంది ఉండగా 1685లో గద్దె తమ్ముడు జేమ్స్‌కు ఎందుకు పోయింది? రాణి కడుపున ఒక్కరూ నిలవలేదని ఎవరో ఒకరు చెప్తారు.