కొత్త టెక్నాలజీలో పెట్టుబడి, ఫైనాన్స్‌లో ఉద్యోగం – 4వ పాఠం: ముందు షేర్లెన్నో చూడండి

ఈసారి క్యాష్ ఫ్లో (కంపెనీలోకి డబ్బు వచ్చే, పోయే లెక్క) మొదలుపెడదామనుకున్నాం. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఎంఆర్‌ఎఫ్, వొడాఫోన్ ఐడియాలలో ఏది చవక అని పోయినసారి అడిగితే హన్మకొండ నుంచి, కాజీపేట నుంచి, కరీంనగర్ నుంచి దాదాపు ఒకటే జవాబు: ‘వొడాఫోన్ ఐడియానే సార్, ఏడు రూపాయలే గదా.’ ఈ తప్పు పట్టుకొని ముందుకు పోతే మిగతా పాఠాలు ఎక్కవు.

లెక్క చేద్దాం. ధరలు రోజూ మారతాయి కాబట్టి ఒకటి లక్ష రూపాయలు, ఇంకోటి 7 రూపాయలు అనుకుందాం. ఎంఆర్‌ఎఫ్‌కు ఉన్న షేర్లు సుమారు 42.4 లక్షలే. లక్షతో గుణిస్తే కంపెనీ మొత్తం విలువ 42,400 కోట్లు. వొడాఫోన్ ఐడియాకు 2025లో షేర్లు 10,800 కోట్లు దాటాయి. ఏడుతో గుణించండి: 75,600 కోట్లు. ఏడు రూపాయల కంపెనీయే పెద్ద ధర పలుకుతోంది. ఆ ధర తగినదా కాదా అనేది లాభం, అప్పు చూశాక తేలుతుంది. ఒక్క షేరు ధర చూస్తే మాత్రం ఏమీ తేలదు.

కొందరు ఇంకో మాట రాశారు: ‘ఫేస్ వాల్యూ 10, మార్కెట్లో 7, అంటే డిస్కౌంట్.’ కాదు. ఫేస్ వాల్యూ పుస్తకాల్లో రాసుకునే అంకె. కంపెనీ విలువకూ దానికీ సంబంధం లేదు. దాంతో మనకున్న పని ఒక్కటే: బ్యాలెన్స్ షీట్‌లోని పెయిడప్ ఈక్విటీ క్యాపిటల్‌ను (అన్ని షేర్ల ఫేస్ వాల్యూ మొత్తం) ఒక్క షేరు ఫేస్ వాల్యూతో భాగిస్తే షేర్ల సంఖ్య వస్తుంది. ఇంటర్వ్యూలో ఈ ‘డిస్కౌంట్’ మాట అన్నారంటే మీ సర్టిఫికెట్లు ఎవరూ చూడరు.

ఇక అసలు సంగతి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చవకైంది, ఊరూరా వాడకం పెరిగింది. టెక్నాలజీ గెలిచింది. కానీ ఆ పోటీలో ఎయిర్‌సెల్ 2018లో దివాలా ప్రక్రియకు పోయింది. వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి కట్టాల్సిన స్పెక్ట్రమ్ (మొబైల్ సిగ్నళ్లకు వాడే తరంగాలు) బాకీలో 36,950 కోట్లకు 2025 ఏప్రిల్‌లో షేర్లు ఇచ్చింది. షేరు 10 రూపాయల చొప్పున 3,695 కోట్ల కొత్త షేర్లు. ప్రభుత్వ వాటా దాదాపు 49 శాతానికి చేరింది. పాత వాటాదారు ఒక్క షేరూ అమ్మలేదు, అయినా కంపెనీలో అతని భాగం సుమారు మూడో వంతు తగ్గింది. చెలక అంతే ఉండి పంచుకునేవాళ్లు పెరిగినట్టు. బాకీ తగ్గడం కంపెనీకి మేలే, కాదనను. ఆ మేలుకు ఎవరి వాటా కరిగిందో కూడా రాసుకోవాలి.

కొత్త టెక్నాలజీ కంపెనీల్లో ఉద్యోగులకిచ్చే ఈసాప్‌లు (ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత షేర్లు కొనే హక్కు) కూడా రేపటి షేర్లే. నష్టాల్లో ఉన్న కంపెనీలో బేసిక్ ఈపీఎస్ (ఇప్పుడున్న ఒక్కో షేరుకు లాభం లేదా నష్టం), డైల్యూటెడ్ ఈపీఎస్ (రేపటి షేర్లనూ కలిపి వేసే అదే లెక్క) సాధారణంగా ఒకటే అంకె కనిపిస్తాయి. నష్టం తగ్గించి చూపే రేపటి షేర్లను కలపకూడదని అకౌంటింగ్ నియమం. అందుకే నేను ఈపీఎస్ వరుస వదిలేసి నేరుగా వార్షిక నివేదికలోని ఈసాప్ నోట్‌కు వెళ్తాను. మీరూ అదే చేయండి.

ఎన్‌ఐఎస్‌ఎమ్ (సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ) పెట్టే రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష, అంటే సిరీస్ 15, రాసేవాళ్లకు ఈ లెక్క ఎలాగూ కావాలి. మిగతావాళ్లు కూడా వదలకండి.

అభ్యాసం: నష్టాల్లో ఉండగా ఐపీఓకు (జనానికి తొలిసారి షేర్లు అమ్మడానికి) వచ్చిన ఒక టెక్నాలజీ కంపెనీని ఎంచుకోండి. పేటీఎం కావచ్చు, జొమాటో కావచ్చు (ఇప్పుడు ఎటర్నల్). లిస్టయిన ఏడాది నుంచి ప్రతి వార్షిక నివేదిక తెరిచి షేర్ల సంఖ్య, మిగిలిన ఈసాప్‌లు, అమ్మకాలు రాయండి. బోనస్ (ఉన్నవాళ్లకు ఉచితంగా ఇచ్చే షేర్లు), స్ప్లిట్ (ఒక షేరును కొన్ని షేర్లుగా విడగొట్టడం) వల్ల పెరిగిన షేర్లను వేరు చేయండి, వాటితో మీ వాటా తగ్గదు. తర్వాత ఒక్కో షేరుకు అమ్మకాలెంతో ఏడాదివారీగా తేల్చండి. యాప్‌లో కనిపించే అంకెలు పనికిరావు. ప్రతి అంకె పక్కన నివేదిక పేజీ నంబరు ఉండాలి.