బ్లూ-రేకి మారుతున్నారా? ముందు టీవీ వెనక్కి చూడండి

మా విజయనగరంలో బ్లూ-రే (డీవీడీలాంటిదే, కానీ హెచ్‌డీ బొమ్మ ఉండే డిస్క్) ప్లేయర్ పెట్టుకున్న ఇళ్లు తక్కువే. టీవీ మెకానిక్‌గా అలాంటి ఇంటికి వెళ్తే మాత్రం తరచూ ఒకటే మాట: “ఏటి బాబూ, సెకండ్ హ్యాండ్‌లో ప్లేయర్ తెచ్చాం గానీ బొమ్మ పాత డీవీడీలాగే ఉంది.” టీవీ వెనక్కి వంగి చూస్తే సంగతి తెలిసిపోతుంది. పాత ప్లేయర్‌కున్న పసుపు, ఎరుపు, తెలుపు వైర్లనే దీనికీ తగిలించేసి ఉంటారు. ప్లేయర్ ఎంత ఖరీదైనదైనా పసుపు వైరులో హెచ్‌డీ రాదు. హెచ్‌డీఎంఐ కేబుల్ వేయండి, బొమ్మా శబ్దమూ రెండూ దాంట్లోనే వస్తాయి. గంటస్తంభం దగ్గర దొరికే మామూలు కేబుల్ చాలు, బంగారు పూత అంటే లొంగిపోకండి. 2013 తర్వాత తయారైన ప్లేయర్లకైతే పసుపు సాకెట్టే ఉండదు.

అసలు మారాలా వద్దా అన్నది మీ టీవీని బట్టి తేల్చుకోండి. డీవీడీ బొమ్మ 720 పిక్సెళ్ల వెడల్పు, 576 ఎత్తు. బ్లూ-రేలో 1920, 1080. అంటే ఐదు రెట్లు. మీది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ (ఫుల్ హెచ్‌డీ కన్నా తక్కువ పిక్సెళ్లున్న) టీవీ అయ్యి, గది ఈ చివర మంచం మీంచి చూసేవారైతే డబ్బులు దాచుకోండి. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, ఆ పైవాటికే నేను సరే అంటాను.

“నెట్‌లో కూడా హెచ్‌డీ వస్తోంది కదా” అంటారు పిల్లలు. వస్తుంది. కాకపోతే నెట్‌లో పంపడానికి బొమ్మని బాగా కుదించేస్తారు. 25, 50 జీబీ పట్టే డిస్క్‌కి అంత అవసరం లేదు. చీకటి సీన్లలో నల్లటి చోట గళ్లు గళ్లుగా కనబడుతుందే, ఆ బాధ డిస్క్‌లో చాలా తక్కువ. తుఫానుకి నెట్ పోయినా ఇన్వర్టర్ మీద సినిమా నడుస్తుంది. హుద్‌హుద్ అప్పటిలా కరెంటే రోజుల తరబడి పోతే మాత్రం ఏ డిస్కూ ఆదుకోదు.

అమెరికా నుంచి అల్లుడు ప్లేయర్ తెస్తానంటే రెండు విషయాలు ముందే చెప్పండి. ప్లేయర్ వెనక 100–240 వోల్టులు అని ఉండాలి. ఉత్త 120 అని ఉన్నదాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. రెండోది రీజియన్, అంటే డిస్క్ ఏ ప్రాంతం ప్లేయర్లలో ఆడాలో చెప్పే అక్షరం. డిస్క్ అట్ట వెనక చిన్న గుర్తులో అమెరికాకి ఏ, ఐరోపాకి బి, మనకి సి అని వేస్తారు. అక్కడి ప్లేయర్‌లో మన సి డిస్క్ వేస్తే మొరాయిస్తుంది. మూడక్షరాలూ ఉన్న డిస్క్ ఎక్కడైనా ఆడుతుంది. ఫుల్ హెచ్‌డీ కన్నా ఇంకా వివరంగా బొమ్మ ఉండే 4కె డిస్కులకి ఈ రీజియన్ గొడవ లేదు గానీ వాటికి మామూలు బ్లూ-రే ప్లేయర్ పనికిరాదు. ఇంట్లో పిల్లలు గేములాడే ప్లేస్టేషన్ 4 ఉంటే అసలు వేరే ప్లేయరే కొనకండి, అది బ్లూ-రే ఆడుతుంది. 4కె కావాలంటే డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 చూసుకోండి.

సెట్టింగ్స్ పెద్ద పనేం కాదు. టీవీలో సినిమా మోడ్ పెట్టి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. మోషన్ స్మూతింగ్ (కదలికని మరీ నున్నగా చూపించే సెట్టింగ్) లాంటిది ఉంటే ఆపేయండి, లేకపోతే ఎంత భారీ సినిమా అయినా డైలీ సీరియల్‌లా కనబడుతుంది. సినిమాలు తీసేది సెకనుకి 24 ఫ్రేముల్లో కాబట్టి ప్లేయర్‌లో 24పి ఆన్ చెయ్యండి.

డిస్క్ గీతలు పడితే టూత్‌పేస్టు రాసి రుద్దడం మనకో అలవాటు. బ్లూ-రే మీద ఆ వైద్యం చెయ్యకండి. డీవీడీలో సమాచారం 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, ఇందులో 0.1 మిల్లీమీటరే. దాన్ని కాపాడేది పైనున్న గట్టి పూత. రుద్దితే అదే పోతుంది. వేలిముద్రలు పడితే మెత్తటి పొడిగుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు.

మీ డీవీడీలు బ్లూ-రే ప్లేయర్‌లో ఆడతాయి. వీసీడీలు మాత్రం అన్నిట్లో ఆడవు, ఇక్కడే పెళ్లి వీడియోలు ఇరుక్కుపోతాయి. సినిమా డిస్క్‌ని ఫ్యాక్టరీలో అచ్చు వేస్తారు. మీ పెళ్లి డిస్క్‌ని ఒక రంగు పొర మీద లేజర్‌తో రాస్తారు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ పొర పాడవుతుంది. వీసీడీని కంప్యూటర్‌లో వేస్తే ఎంపెగ్‌ఏవీ (MPEGAV) అనే ఫోల్డర్‌లో పేరు చివర .DAT అని ఉన్న వీడియో ఫైల్ ఉంటుంది. దాన్ని కాపీ చేసుకుంటే కంప్యూటర్‌లో వీడియోలు ఆడించే వీఎల్‌సీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆడుతుంది. ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి పెన్ డ్రైవ్‌లో ఉంచండి. పాత ప్లేయర్‌ని పాత సామాన్ల బండికి వేసేముందే ఈ పని కానివ్వండి.