చేతి కెమెరాతో రాక్షసి సినిమా: బీచ్ రోడ్డులో తీసి చూడండి

కెమెరా చేత్తో పట్టుకుని ఊపేస్తే భయం దానంతటదే వస్తుందనుకోకండి. ముందు ఆ కెమెరా ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి. విశాఖ ఆర్‌కే బీచ్‌లో చెల్లెలి పుట్టినరోజు వీడియో తీస్తున్న అన్న అనుకుందాం. మొదటి రెండు నిమిషాలు చెయ్యి నిలకడగానే ఉండాలి: మురీ మిక్చర్ బండి, అలలు, కేక్ మీద పడ్డ ఇసుక, అంతే.

తర్వాత డాల్ఫిన్ నోస్ కొండ వైపు నుంచి ఏదో శబ్దం. జనమంతా అటు తిరుగుతారు, కెమెరా మాత్రం అర క్షణం ఆలస్యంగా తిరగాలి. టెన్షన్ అంతా ఆ ఆలస్యంలోనే ఉంది, ఎందుకంటే ఆ అన్న చూసిందే తప్ప ప్రేక్షకుడికి ఇంకేమీ కనపడదు. 2008లో వచ్చిన హాలీవుడ్ రాక్షసి సినిమా 'క్లోవర్‌ఫీల్డ్' ఇలా పాత్రల చేతిలోని కెమెరాతోనే నడుస్తుంది, అందులో జీవి చాలాసేపు ముక్కలుగానే కనిపిస్తుంది.

మీరూ తొందరపడి మొత్తం చూపించకండి. అదే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి పొడవు సుమారు 91 మీటర్లు. దాని వెనక రాక్షసి కాలు ఒక్కటే కనిపించి, పైభాగం ఫ్రేమ్ దాటిపోతే సైజు ఎంతో చూసేవాళ్ళే లెక్కేసుకుంటారు.

ఫోన్‌లో కుదుపులు తగ్గించే స్టెబిలైజేషన్ ఆపేసి షటర్ స్పీడు 1/50 సెకను పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి రాత్రిపూట లైట్ల మినుకులు తగ్గుతాయి. పరుగు షాట్ అయ్యాక గోడ చాటున ఆగి, పది సెకన్లు ఊపిరి చప్పుడు మాత్రమే విననివ్వండి, లేకపోతే చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. నాకైతే ఆ పది సెకన్లే ప్రాణం. సముద్రపు గాలి మైకులో హోరెత్తిపోతుంది, అందుకే ఆ ఊపిరిని ఇంట్లో విడిగా రికార్డు చేసుకోండి.