ఆత్మీయ ఎదుగుదల – 4వ పాఠం: కనిపెట్టు ప్రార్థన

పోయిన పాఠంలో 51వ కీర్తన పెట్టుకుని ఒప్పుకోలు ప్రార్థన నేర్చుకున్నాం. అది వారమంతా చేసినవాళ్లు ఈ పాఠం మొదలుపెట్టండి. చేయనివాళ్లు వెనక్కి వెళ్లి ముగించుకుని రండి, తొందరేం లేదు.

కనిపెట్టడమంటే అడిగాక దేవుని సన్నిధిలో ఆగి ఎదురుచూడడం. మన సంఘాల్లో ప్రార్థించడం బాగా వచ్చు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, ఆల్‌నైట్ ప్రేయర్‌లో గొంతు పోయేదాకా ప్రార్థిస్తాం. అడగడం అయిపోగానే ఆమేన్ అని లేచి చెప్పులు వెతుక్కుంటాం. శక్తి కావాలి, అభిషేకం కావాలి అని ఏళ్ల తరబడి అడుగుతూ ఉన్నచోటే ఉండిపోయిన విశ్వాసుల్ని చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్ల అడగడంలో లోటేమీ లేదు. అడిగాక ఆయన సన్నిధిలో ఆగడం వాళ్లకెవరూ నేర్పలేదు, అంతే.

అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం 4 నుంచి 26వ వచనం వరకు నెమ్మదిగా చదవండి, చేతిలో పెన్సిల్ ఉంచుకుని. ప్రభువు శిష్యుల్ని వెంటనే ఊళ్లమీదికి పంపలేదు. యెరూషలేము విడిచి వెళ్లకుండా తండ్రి వాగ్దానం కోసం, అంటే పరిశుద్ధాత్మ కోసం కనిపెట్టమన్నాడు. పునరుత్థానమైన తర్వాత 40 రోజులు కనబడి ఆరోహణమయ్యాడు. అప్పటి నుంచి ఆత్మ దిగివచ్చిన పెంతెకొస్తు దాకా ఇంచుమించు 10 రోజులు. ఆ రోజుల్లో వాళ్లేం చేశారో ఆ వచనాల కింద గీత గీయండి. 14వ వచనంలో ఎడతెగక ప్రార్థిస్తున్నారు. స్త్రీలున్నారు, మరియ ఉంది, ఒకప్పుడు ఆయన్ని నమ్మని సహోదరులూ ఉన్నారు (యోహాను 7:5 చూడండి). 20వ వచనంలో పేతురు కీర్తనల మాటలు ఎత్తి, తమకు జరిగినదాన్ని వాటితో సరిచూస్తున్నాడు. తర్వాత యూదా వదిలిపోయిన స్థానం భర్తీ చేస్తున్నారు. అంటే చేతులు కట్టుకుని కూర్చోలేదు. ప్రార్థించారు, వాక్యం చూశారు, చెడినదాన్ని సరిచేసుకున్నారు.

టంగుటూరు, కొండపి వైపు పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో పండించే గది) కాల్చడం చూసే ఉంటారు. రాత్రంతా మేలుకుని థర్మామీటర్ చూడడం, కర్ర ఎగదోయడం, మళ్లీ చూడడం. ఆకుని పండించేది వేడే, అయినా ఆ మనిషి పొయ్యి వదిలిపెట్టి వెళ్లి పడుకోడు. మనకు కావలసిన మెలకువ అలాంటిది.

మన నేలమీదే దీనికి సాక్ష్యం ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు బాప్టిస్టు మిషన్ నుంచి వచ్చిన లైమన్ జ్యువెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. ఆ కొండని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. వాళ్లడిగిన సేవకుడిగా మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు! ధాత కరువులో (1876-78) ఆయన బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే, కూలి కోసం కలిశారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్లూ ఆగమన్నాడు. అది ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు. నాకైతే అంతకుముందు ఆగిన ఆ నెలలే పెద్దవిగా కనిపిస్తాయి.

ఇక ఈ వారం సాధన. తెల్లవారుజామున, ఇంట్లోవాళ్లు లేవకముందు, చాప వేసుకుని కూర్చోండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి, సైలెంట్‌లో పెడితే చాలదు. పొద్దున్నే కూలికో రొయ్యల కంపెనీ డ్యూటీకో వెళ్లే అక్కలు రాత్రి అంట్లు తోమాక కూర్చోవచ్చు. 62వ కీర్తన మొదటి ఎనిమిది వచనాలు చదివి, లూకా 11:13 పట్టుకుని ఒక్క మనవి చేయండి: తండ్రీ, నీ ఆత్మతో నన్ను నింపు. తర్వాత పది నిమిషాలు మాట్లాడకండి.

మనసు పరిగెత్తుతుంది. పిల్లల ఫీజు, చీటీ డబ్బులు, ఆఫీసు టెన్షన్. దానితో కుస్తీ పట్టొద్దు. వచ్చిన ఆలోచనని ఒక్క మాటలో ఆయనకు అప్పగించి మళ్లీ కీర్తనలోకి రండి. 8వ వచనం హృదయాన్ని కుమ్మరించమనే కదా చెప్తోంది. మధ్యలో ఎవరితోనో ఉన్న గొడవ గుర్తొస్తే, మత్తయి 5:23-24 ప్రకారం ఆ రోజే వెళ్లి సమాధానపడండి. ఇది వాయిదా వేసి కూర్చుంటే మిగతా సాధన ముందుకు సాగదు.

కన్నీళ్లు రావచ్చు, ఏమీ అనిపించకపోనూ వచ్చు. దాన్నిబట్టి కొలుచుకోకండి. శనివారం రాత్రి ఆత్మ ఫలం గురించి చెప్పే గలతీయులకు 5:22-23 తెరిచి, ఈ వారం ఇంట్లో మీ నోటి మాట ఎలా ఉందో భార్యనో, భర్తనో, అత్తగారినో అడగండి. వాళ్లు చెప్పింది నోటుబుక్కులో రాసుకోండి, సమర్థించుకోకుండా.

వచ్చే పాఠం అపొస్తలుల కార్యములు 1:8 మీద, సాక్ష్యం గురించి. ఈలోగా మీ వీధిలో ప్రభువుని ఎరుగని ఒక్కరి పేరు ఆ నోటుబుక్కులోనే రాసి, రోజూ ఆ పది నిమిషాల చివర ఆ పేరు ఎత్తి ప్రార్థించండి.