పాతబస్తీ స్నేహితుడితో హైదరాబాద్‌ను రోజంతా తింటూ తిరగడం ఎలా?

హైదరాబాద్‌లో ఎక్కడ తినాలి అని అడిగితే పది పేర్లు ఎవరైనా చెబుతారు. ఏది ఏ టైమ్‌కి తినాలో మాత్రం అక్కడి గల్లీల్లో పెరిగినవాళ్లే చెప్పగలరు. మొదటిసారి పాతబస్తీకి వెళ్లినప్పుడు నేను ఒక పేరున్న హోటల్లో పదకొండు గంటలకు నహారీ అనే మాంసం పులుసు అడిగాను. గిన్నె అడుగున మిగిలింది వేడి చేసి తెచ్చారు. నూనె ఒక పక్క, నీళ్లు ఒక పక్క. సాయంత్రం ఆ సంగతి చెబితే పురానీ హవేలీ దగ్గర పుట్టి పెరిగిన నా స్నేహితుడు తల పట్టుకున్నాడు. "పదకొండింటికి పోతే ఏముంటది భాయ్? నహారీ అంటే పొద్దుగాల. రేపు అయిదింటికి తయారుండు" అన్నాడు. అరబీలో నహార్ అంటే పగలు. తెల్లారగానే తినేది కాబట్టే దానికి ఆ పేరు.

ఆ మర్నాటి నుంచి నేను నేర్చుకున్న పద్ధతి ఇది.

1. ముందు స్నేహితుడిని సరిగ్గా అడగండి

"ఇక్కడ ఏది ఫేమస్?" అని అడిగితే ఆయన కూడా మనకు తెలిసిన పేర్లే చెబుతాడు. "మామూలు రోజు పొద్దున నువ్వు ఎక్కడ తింటావు? ఇంటికి చుట్టాలొస్తే మీ నాన్న ఏం తెప్పిస్తారు? ఎక్కడి నుంచి?" అని అడగండి. అప్పుడు ఏ బోర్డూ లేని బండి పేరు, ఏ గల్లీ మలుపో బయటికి వస్తాయి.

మీరు తిననివి ఏమిటో కూడా ముందే చెప్పేయండి. పాతబస్తీలో 'ఛోటే కా' అంటే మేక, గొర్రె మాంసం, 'బడే కా' అంటే పెద్ద మాంసం, అంటే గొడ్డు మాంసం. నహారీ, కబాబ్ చాలా చోట్ల బడే కా ఉంటాయి. దీన్ని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అక్కడ రోజూ వినపడే ప్రశ్నే, ఎవరూ ఏమీ అనుకోరు.

2. రోజు చూసుకోండి

శుక్రవారం మధ్యాహ్నం వద్దు. జుమ్మా నమాజుకు మక్కా మసీదు చుట్టుపక్కల జనం నిండిపోతారు. రంజాన్ నెలలో పగలు చాలా హోటళ్లు మూసి ఉంటాయి, పరదాలు దించి ఉంటాయి. ఆ నెలలో వెళ్తే పగలు పడుకుని సాయంత్రం నుంచి తిరగండి.

హలీం కోసమే వెళ్లేవాళ్లు మాత్రం రంజాన్‌లోనే వెళ్లాలి. ఇది చంద్రమాసం కాబట్టి ప్రతి ఏడూ పది, పదకొండు రోజులు ముందే వస్తుంది. రైలు టికెట్ తీసే ముందు తేదీ చూసుకోండి. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మాంసం, గోధుమలు, పప్పు, నెయ్యి భట్టీ మీద గంటల తరబడి ఉడుకుతుంటే ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఘోట్నీ అనే పెద్ద కర్రలతో దంచుతారు. వీలైతే తినే ముందు ఆ దంచడం చూపించమని మీ స్నేహితుణ్ణి అడగండి. పీచు పీచుగా ఉన్న మాంసం గోధుమలో కలిసిపోయి, కర్ర ఎత్తినప్పుడు తీగలా సాగుతుంది. ఆ సాగుడు లేకపోతే అది సరిగ్గా దంచలేదని అర్థం.

3. పొద్దున అయిదున్నరకు మొదలు పెట్టండి

ఆ టైమ్‌కి మెట్రో ఉండదు. ముందు రోజు రాత్రే అఫ్జల్‌గంజ్, మదీనా వైపు బస చేస్తే మంచిది, లేదంటే ఆటో మాట్లాడుకోండి. ఖాళీ కడుపుతో వెళ్లండి. టీ కూడా తాగకండి.

మా వాడు నన్ను ముందు హోటల్‌కి తీసుకెళ్లలేదు, రొట్టెల దుకాణానికి తీసుకెళ్లాడు. పురానీ హవేలీలో 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం అది. అక్కడ నాన్ గుండ్రంగా ఉండదు, నాలుగు మూలలుంటాయి. అందుకే చార్ కోనీ నాన్ అంటారు. పిండిని తందూర్ లోపలి గోడకు అంటించి, కాలాక ఇనప చువ్వలతో ఊడదీస్తారు. అడుగు కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. కాగితంలో చుట్టిస్తే చెయ్యి కాలుతుంది. ఆ వేడి మీదే నహారీ దగ్గరికి చేరాలి.

నహారీలో పాయా (కాళ్లు), నాలుక, మూలుగు ఎముకలు గుడ్డలో కట్టిన మసాలాతో రాత్రంతా సన్నని మంట మీద ఉడుకుతాయి. గిన్నె వచ్చాక తొందరపడకండి. మా వాడు నిమ్మచెక్క పిండి, కొత్తిమీర చల్లి, నాన్ ముక్కను అందులో ముంచి ఒక్క క్షణం ఆగాడు. రొట్టె రసం పీల్చుకోవాలి కానీ విరిగిపోకూడదు. నేను రెండుసార్లు ముంచితే రెండుసార్లూ ముక్క గిన్నెలోనే ఉండిపోయింది. మూడోసారి కరకరలాడే అడుగు వైపు ముంచమన్నాడు. నిలబడింది.

రెండు గిన్నెలు చెప్పకండి. ఒకటి చెప్పి ఇద్దరూ తినండి, రోజు ఇంకా చాలా ఉంది.

4. రెండో టిఫిన్‌కు జాగా ఉంచుకోండి

ఎనిమిది, తొమ్మిది మధ్య ఖిచిడీ, ఖీమా, ఖట్టా తినాలి. ఇది హైదరాబాదీ ఇళ్లలో పొద్దున వండుకునే టిఫిన్. ఖట్టా అంటే చింతపండు రసంలో నువ్వుల పొడి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. ఒక్క చెంచా నోట్లో పెట్టుకోగానే నాకు మా ఇంటి పచ్చిపులుసు గుర్తొచ్చింది. మధ్యాహ్నం బిర్యానీ పక్కన వచ్చే మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ కూడా అలాగే అనిపిస్తాయి. నువ్వులు, పల్లీలు, కొబ్బరి, చింతపండు... మన గుత్తొంకాయ మసాలా సామానే. వీటిని పక్కకు నెట్టేసి రైతా ఒక్కటే వేసుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

శాకాహారులకు గుల్జార్ హౌజ్ దగ్గర పొద్దున పెట్టే గోవింద్ బండి ఉంది. వెన్న దండిగా వేసిన దోసె, ఇడ్లీ పెడతారు. మాంసం తినేవాళ్లు కూడా దీన్ని వదలకండి.

5. చాయ్ దగ్గర కూర్చోండి

చార్మినార్ పక్కనే నిమ్రా కేఫ్ ఉంది. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ మూతపెట్టిన పాత్రలో విడిగా మరుగుతుంది, పాలు విడిగా చిక్కబడతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. మొదట డికాక్షన్, దాని మీద పాలు. ఉస్మానియా బిస్కెట్ కొద్దిగా ఉప్పగా, కొద్దిగా తియ్యగా ఉంటుంది. దాన్ని చాయ్‌లో ముంచి తినాలి. 'వన్ బై టూ' అంటే ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో ఇస్తారు. 1591 నాటి చార్మినార్‌ను చూస్తూ అరగంట కూర్చోండి. కథలు చెప్పడానికి స్నేహితుడికి కూడా టైమ్ కావాలి కదా.

తర్వాత మధ్యాహ్నం దాకా ఏమీ తినకండి. లాడ్ బజార్‌లో గాజులు చూడండి, నడవండి.

6. మధ్యాహ్నం బిర్యానీ, కానీ ఒక్క ప్లేటే

హైదరాబాదీ బిర్యానీ కచ్చీ పద్ధతిలో చేస్తారు. మసాలా పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూత బిగించి దమ్ పెడతారు. మసాలా అంతా అడుగున ఉంటుంది కాబట్టి అడుగు నుంచి తీసి పెట్టమనండి. వడ్డించే వాడితో మీ స్నేహితుడు ఒక మాట అంటే చాలు. ఇంకా వెయ్యబోతే 'నక్కో' అనండి. దక్కనీలో వద్దు అని. ఆ ఒక్క మాటకే ఎదుటివాడి ముఖం విప్పారుతుంది.

7. సాయంత్రం మొజంజాహీ మార్కెట్ వైపు

ఆ రాతి మార్కెట్‌లో 'ఫేమస్ ఐస్‌క్రీమ్' అనే దుకాణం దగ్గర కాలానికి తగ్గ పండు అడగండి. చలికాలం మొదట్లో సీతాఫలం, ఎండాకాలం మామిడి. దగ్గర్లోనే జౌజీ హల్వా దొరుకుతుంది. మొలకెత్తించిన గోధుమ, పాలు, నెయ్యితో చేసేది. చాలా బరువు, నలుగురికి ఒక పావుకిలో చాలు. ఓపిక మిగిలి ఉంటే నాంపల్లి వైపు తెల్లవారుజామున దోసెలు వేసే రామ్ కీ బండి దాకా మేలుకోండి. లేదంటే దాన్ని ఇంకో ప్రయాణానికి ఉంచుకోండి.

8. డబ్బుల సంగతి

పాతబస్తీ స్నేహితుడు మిమ్మల్ని జేబులో చెయ్యి పెట్టనివ్వడు. మీరు మెహమాన్, అంటే అతిథి. గల్లా దగ్గర చేతులు లాక్కోవడం ఇద్దరికీ ఇబ్బంది. నేను చాయ్‌లకు, ఆటోలకు మాత్రం ఇస్తాను. మిగతాదానికి మా గుంటూరు నుంచి గోంగూర పచ్చడి జాడీ పట్టుకెళ్లి వాళ్ల ఇంట్లో ఇస్తాను. వాళ్ల అమ్మీ దాన్ని పప్పన్నంలో కలుపుకుని తింటుంది. పోయినసారి నేను బయల్దేరే ముందు రోజు ఆమే ఫోన్ చేసింది. "బేటా, ఈసారి పెద్ద జాడీ తేవా?"