ప్రభుత్వ ఆంక్ష సహేతుకమో కాదో పరిశీలించే విధానం

సభకు అనుమతి నిరాకరిస్తూనో, వ్యాపారాన్ని నిలిపివేస్తూనో ఉత్తర్వు వస్తే, ముందుగా అది తాకుతున్న స్వేచ్ఛ ఏదో తేల్చుకోవాలి. భారత రాజ్యాంగంలోని 19(1) అధికరణం వాక్కు, ఆయుధాలు లేని శాంతియుత సమావేశం, సంఘ స్థాపన, సంచారం, నివాసం, వృత్తి వ్యాపారాలు అనే ఆరు స్వేచ్ఛలను పౌరులకు ఇస్తోంది. వాటికి విధించదగిన పరిమితులు 19(2) నుంచి 19(6) వరకు విడివిడిగా ఉన్నాయి.

ఆ తరువాత ఉత్తర్వు ప్రతిని తీసుకుని, ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద జారీ చేశారో చూడాలి. చట్టం అండ లేని శాఖాపరమైన సర్క్యులర్ చాలదని కేరళ విద్యార్థుల జాతీయగీతం కేసులో 1986లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చాలామంది దాటేసే అంశం, నా దృష్టిలో అతి ముఖ్యమైనది, ఉత్తర్వులో చూపిన కారణం. ‘ప్రజా ప్రయోజనాల దృష్ట్యా’ అనే మాట వ్యాపారంపై ఆంక్షకు ఆధారం కాగలదు గానీ వాక్ స్వాతంత్ర్యంపై ఆంక్షకు కాదు, ఎందుకంటే 19(2)లో దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, కోర్టు ధిక్కారం వంటి నిర్దిష్ట కారణాలే ఉన్నాయి. పత్రికల పుటలను, ధరను ముడిపెట్టిన ఉత్తర్వు 1961లో సకాల్ పేపర్స్ కేసులో నిలవకపోవడానికి ఇదే మూలం.

కారణం సరైనదే అయినా, ఆంక్ష అవసరానికి మించిందేమో పరిశీలించాలి. మధ్యప్రదేశ్‌లో పొలం పనులకు కూలీలు దొరకాలని, వ్యవసాయ కాలంలో కొన్ని గ్రామాల్లో బీడీల తయారీనే నిషేధించారు. పొలానికి వెళ్లలేని వృద్ధురాలు, వికలాంగుడు సైతం ఇంట్లో కూర్చుని బీడీ చుట్టకూడదన్నమాట. వ్యవసాయ కూలీలకు మాత్రమే వర్తింపజేసినా, పని వేళలను నియంత్రించినా ఉద్దేశం నెరవేరేదని చింతామన్‌రావు కేసులో కోర్టు గుర్తించి నిషేధాన్ని కొట్టివేసింది. హక్కు స్వభావం, నివారించదలచిన కీడు తీవ్రత, దానికి తగని కాఠిన్యం, నాటి పరిస్థితులు అన్నీ కలిపి చూడాలని 1952లో వి.జి.రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కనుక ఉత్తర్వు ఇచ్చిన అధికారికి రాసే మీ అభ్యంతరంలో ‘ఇది అన్యాయం’ అని ఆగిపోకుండా, ఇంతకంటే తేలికైన ఏ షరతుతో అదే ప్రయోజనం సిద్ధిస్తుందో రాయండి: ఊరేగింపును నిషేధించే బదులు దారి మార్చవచ్చు, వేళ కుదించవచ్చు. అధికారి స్పందించకపోతే, ఆ అభ్యంతరం ప్రతిని, ఉత్తర్వును జతచేసి 226 అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు.