టెరాహెర్ట్జ్‌తో కార్బన్ ఫైబర్ పరీక్ష – 4వ పాఠం: ఊచల బొమ్మను మరచిపోండి

ఈసారి టెరాహెర్ట్జ్ తరంగాలతో (మైక్రోవేవ్‌కూ ఇన్‌ఫ్రారెడ్‌కూ మధ్య ఉండేవి) కార్బన్ ఫైబర్ మీది రంగు పూత మందం కొలవాలి. కానీ పోయినసారి ఇచ్చిన ఏకదిశా ప్యానెల్ (పోగులన్నీ ఒకే దిశలో ఉండే పలక) దగ్గరే చాలామంది ఆగిపోయారు కాబట్టి అది తేలాకే ముందుకు. పొడి గాలి, ఫోకస్ సంగతులు మళ్ళీ చెప్పను.

ఎక్కువమంది చేసింది ఒకే పొరపాటు. తరంగపు విద్యుత్ క్షేత్రాన్ని పోగులకు సమాంతరంగా ఉంచి స్కాన్ చేసి, "లోపలి నుంచి ఎకో (తిరిగొచ్చే తరంగం) లేదు, కనుక లోపం లేదు" అని రాశారు. తరంగం లోపలికి వెళ్ళనే లేదు, ఇక ఎకో ఎక్కడిది?

దీనికి మూలం పాఠాల్లో చూపించే ఊచల బొమ్మ. నిలువు ఊచల మధ్య తాడును పైకీ కిందికీ ఊపితే అల దాటుతుంది, పక్కలకు ఊపితే ఆగుతుంది. తాడుకు అది నిజమే. విద్యుత్ క్షేత్రానికి సరిగ్గా తలకిందులు. క్షేత్రం పోగు వెంట ఉంటే ఎలక్ట్రాన్లకు పొడవాటి దారి దొరికి కరెంటు పుడుతుంది, ఆ కరెంటే తరంగాన్ని వెనక్కి కొడుతుంది. పోగు వెంట వాహకత మీటరుకు 40,000 సీమెన్స్ అనుకుంటే, 1 టెరాహెర్ట్జ్ దగ్గర తరంగం దిగే లోతు సుమారు 2.5 మైక్రాన్లు. ఒక్క పోగు వ్యాసమే 5–7 మైక్రాన్లు! క్షేత్రం పోగులకు అడ్డంగా ఉంటే మధ్యలో రెజిన్ (పోగులను అతికించే ప్లాస్టిక్) వల్ల ఎలక్ట్రాన్ల పరుగు తెగుతుంది, తరంగం కొంత దిగుతుంది. అంటే లోపల చూడాలంటే అడ్డంగా, అద్దంలా వాడుకోవాలంటే సమాంతరంగా.

0/90 లామినేట్‌లో (ఒక పొర పోగులకు తర్వాతి పొర పోగులు అడ్డంగా ఉండే పలకలో) ఈ వెసులుబాటు పై పొర వరకే. దానికి అడ్డమైన క్షేత్రం రెండో పొరకు సమాంతరమవుతుంది. ఆ కింది లోపాలకు అల్ట్రాసౌండ్ వాడండి, టెరాహెర్ట్జ్‌ను వేధించకండి. నేత బట్ట ప్యానెల్‌లో కనిపించే చదరంగం గళ్ళు నేతవే, డీలామినేషన్ (పొరలు విడిపోవడం) కాదు.

క్షేత్రానికీ పోగులకూ మధ్య కోణం మార్చాలంటే తిప్పాల్సింది ప్యానెల్‌ను. ఎమిటర్‌ను (తరంగం పంపేదాన్ని) ఒక్కదాన్నే తిప్పితే, డిటెక్టర్ యాంటెనా కూడా ఒకే దిశను చదువుతుంది కనుక సిగ్నల్ పడిపోతుంది.

ఇక పూత. మందం = 300 × ఆలస్యం ÷ (2 × వక్రీభవన గుణకం). ఆలస్యం అంటే పూత పైతలం ఎకోకూ కార్బన్ ఎకోకూ మధ్య గడిచే సమయం; దాన్ని పికోసెకన్లలో వేస్తే జవాబు మైక్రాన్లలో వస్తుంది. 1 పికోసెకను, గుణకం 1.8 అయితే 83 మైక్రాన్లు. 2తో భాగించడం మరిస్తే 167. గుణకాన్ని ఊహించకండి: అదే రంగును లోహపు రేకు మీద పూసి, మైక్రోమీటర్‌తో కొలిచి, వెనక్కి లెక్కించండి. పూత పైతలం, కార్బన్ ఎకోలు ఒకే గుర్తుతో (రెండూ ప్లస్ లేదా రెండూ మైనస్) వస్తాయి. పూత కింద గాలి ఉంటే రెండో ఎకో తలకిందులవుతుంది.

అభ్యాసం: పూత లేని ఏకదిశా ప్యానెల్‌ను, తరంగం నిటారుగా పడేలా పెట్టి, 0 నుంచి 90 డిగ్రీల వరకు 15 డిగ్రీల చొప్పున తిప్పుతూ, ఒకే బిందువు దగ్గర 7 సార్లు ఉపరితల ఎకో ఎత్తు రాసుకోండి. 0 అంటే క్షేత్రం పోగులకు సమాంతరం, 90 అంటే అడ్డం. 45 డిగ్రీల దగ్గరి విలువ, 0 డిగ్రీల, 90 డిగ్రీల విలువలకు సరిగ్గా మధ్యలో పడాలి. ఆ రెండూ 100, 40 అయితే 30 దగ్గర 85, 60 దగ్గర 55 రావాలి. రాలేదంటే తిరిగే కేంద్రం జరిగింది, లేదా ప్యానెల్ వంగింది. సరిచేసి మొదటి నుంచి మొత్తం 7 మళ్ళీ తీయండి.